గడువు తీరిన కార్డు

"ఈ కార్డు చెల్లదు మేడమ్. వేసవిలోనే గడువు తీరిపోయింది."

కిషినావు విమానాశ్రయంలో వెనిస్ విమానం కౌంటర్ దగ్గర ఈ మాట వినాల్సి వస్తుందని జినైదాకి తెలుసు. తెలిసే వచ్చింది. చేతిసంచిలోంచి మడతపెట్టిన ఉత్తరం తీసి కౌంటర్ మీద పరిచింది. ఇటలీలో ఉండనిచ్చే కొత్త కార్డు చేతికొచ్చేదాకా పాతదాని గడువు పొడిగించామంటూ అక్కడి పాదువా ఊరి పోలీసు ఆఫీసు వాళ్ళిచ్చిన ఉత్తరం అది. కింద ముద్ర, సంతకం. కార్డూ ఉత్తరమూ కలిపి చూపిస్తే ఇటలీలో ఎవరూ కాదనరు.

కౌంటర్లో ఉన్నతని చొక్కా మీది బిల్లలో దోరిన్ అని ఉంది. అతను ఉత్తరాన్ని దీపం వైపు పట్టి చూశాడు. తిప్పి వెనక వైపు కూడా చూశాడు. అక్కడ ఏమీ లేదు.

"ముద్ర సరిగా పడలేదు" అన్నాడు.

"ముద్ర వేసింది నేను కాదు సార్. వేసినవాళ్ళని అడగండి."

అతను మేడమ్ అంటున్నంతసేపూ తానూ సార్ అనే అనాలని జినైదా పంతం. పంతాల్లో ఆవిడ ఎవరికీ తీసిపోదు. ఏళ్ళ తరబడి పాదువాలో ముసలివాళ్ళకి స్నానాలు చేయించి, సూపు తాగించి, వాళ్ళ పిల్లల చేత మాటలు పడి నెగ్గుకొచ్చిన మనిషి. ఎల్లుండి పొద్దున అక్కడ కొత్త కార్డు కోసం వేలిముద్రలు వేయాలి. ఈ విమానం తప్పితే మళ్ళీ నేరుగా వెళ్ళేది వారానికి గాని లేదు. మధ్యలో ఇంకో దేశంలో దిగి విమానం మారితే ఈ ఉత్తరం పనికిరాదు. వేలిముద్రల రోజు దాటిపోతే కార్డు రాదు. కార్డు రాకపోతే ఉద్యోగమూ లేదు, ఇటలీ లేదు.

ఆ సంగతి దోరిన్‌కి తెలియనిదేమీ కాదు. అయినా తాపీగా కంప్యూటర్ మీద ఏదో కొడుతున్నాడు. పక్క కౌంటర్ అమ్మాయి జాలిపడి, ఇటు రమ్మని జినైదాకి సైగ చేసింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. తేల్చుకునేదేదో ఇక్కడే తేల్చుకోవాలి.

"అక్కడ ఏం పని చేస్తారు?"

"ఒక ముసలావిడని చూసుకుంటాను."

"ఇక్కడ చూసుకోవాల్సినవాళ్ళు ఎవరూ లేరా?"

వరసలో ఒకరిద్దరు తలలెత్తారు. విమానాల వాళ్ళు అడగాల్సిన ప్రశ్న కాదది. కాకపోతే ఈ దేశంలో, ఇటలీ వెళ్ళే ఆడదాన్ని ఈ ప్రశ్న అడగనివాళ్ళు లేరు. చర్చిలో పాద్రి అడుగుతాడు. బస్సులో పక్క సీటావిడ అడుగుతుంది. ఎన్నిసార్లు విన్నా జినైదాకి ఒళ్ళు మండుతూనే ఉంటుంది.

"ఉన్నారు. వాళ్ళ కోసమే వెళ్ళాను. ఇంటికి కప్పు వేయించాను. చదువు చెప్పించాను. ఆదివారం వచ్చిందంటే ఇక్కడికొచ్చే వ్యానులో పెట్టె నిండా సరుకులు పంపాను. చాలా, ఇంకేమైనా చెప్పాలా సార్?"

"పెట్టెలు పంపితే సరిపోతుందా?"

"సరిపోయిందో లేదో తిన్నవాళ్ళు చెప్పాలి. మీరు నా ఉత్తరం సంగతి చూడండి."

దోరిన్ చెవులు ఎర్రబడ్డాయి. ఈ ఉత్తరం మీద తనకి నమ్మకం లేదన్నాడు. అక్కడ దిగనివ్వకపోతే వెనక్కి తెచ్చే ఖర్చు కంపెనీ నెత్తిన పడుతుందన్నాడు. సూట్‌కేసు తీసుకుని ఇంటికి వెళ్ళిపోతే అందరికీ మంచిదని సలహా కూడా ఇచ్చాడు.

సలహాలు వినే రకమైతే జినైదా అసలు ఇంతదూరం వచ్చేదే కాదు. సూట్‌కేసుని ఎత్తి తూకం బల్ల మీద పడేసి, దాని మీద చెయ్యి వేసి నిలబడింది. విమానం ఎక్కించేదాకా ఇక్కణ్ణుంచి కదిలేది లేదనీ, కావాలంటే పోలీసుల్ని పిలుచుకోమనీ, అంతకంటే ముందు పై అధికారిని పిలవమనీ వరసంతా వినేలా చెప్పింది.

వెనక అక్రోట్ల సంచి మోస్తున్న పెద్దాయనకి ఓపిక నశించింది.

"పోనివ్వవయ్యా. ఆవిడ వెళ్తే నీ సొమ్మేం పోయింది?"

దోరిన్ ఆయన వంక చూశాడు. మళ్ళీ కంప్యూటర్ వైపు తిరిగాడు.

గొడవ విని పై అధికారి స్తెలియానా వచ్చింది. కార్డు చూసింది, ఉత్తరం చూసింది, ఎవరికో ఫోన్ చేసింది. నేరుగా వెళ్ళే విమానానికి ఈ రెండూ సరిపోతాయని తేల్చేసింది. పొద్దున్నే ఇంతమందిని నిలబెట్టినందుకు దోరిన్‌ని నలుగురిలోనూ కడిగేసింది.

"ఇలాంటి ఉత్తరాలు నిన్న కూడా నువ్వే చూసి పంపించావు కదా, ఇవాళ నీకేమొచ్చింది?"

అతను మీట నొక్కాడు. ఆమె విసుక్కుంటూ వెళ్ళిపోయింది. యంత్రం చిన్నగా మూలిగి బోర్డింగ్ పాస్‌ని బయటికి తోసింది.

జినైదా గెలిచింది. గెలిచినదాని దర్జాతోనే చెయ్యి చాచింది. దోరిన్ పాస్ అందించాడు గాని రెండో కొస వదల్లేదు. ఆవిడ లాగింది. అతను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఆవిడ వచ్చిన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా ఆవిడ వంక చూడనివాడు, తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాడు.

"రాత్రి మనింట్లో నేను పిండి డబ్బాలో దాచిన ఈ ఉత్తరాన్ని వెతికి పట్టుకున్నావు గనకే, ఇవాళ బతిమాలి మరీ ఈ కౌంటర్ డ్యూటీ వేయించుకున్నానమ్మా."