దారి గ్లాసు

ఆ పెద్దాయన అయిదో రోజు కూడా సరిగ్గా నాలుగింటికే వచ్చి మూల స్టూలు మీద కూర్చున్నాడు. ఎప్పటిలాగే ఉత్త సోడా చాలన్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని, జేబులోంచి కాగితం తీసి మడత కొంచెం విప్పి చూసుకున్నాడు.

బారులో గ్లాసులు నింపే అతనికి ప్రాణం లేచొచ్చింది. ముప్ఫై ఏళ్లుగా అందరూ అతన్ని ‘డిక్షనరీ’ అనే పిలుస్తారు. తాగేవాళ్ల పాత మాటలన్నీ అతని నాలుక చివరే ఉంటాయి. ఇప్పుడవి ఎవడిక్కావాలి? కౌంటరు మీద ఆర్డర్లు తీసుకునే టచ్ స్క్రీను పెట్టారు. వచ్చినవాళ్లు బొమ్మ మీద వేలు నొక్కి ఊరుకుంటున్నారు. తనతోపాటే ఈ మాటలూ పోతాయని అతని దిగులు.

మోజుపడి నేర్చుకున్నవాడు ఒక్కడే, ఆ ఫొటోగ్రాఫరు. వీధి చివర వాడి మోటారు సైకిలు చప్పుడు వినపడగానే డిక్షనరీ గ్లాసు తుడిచి ఉంచేవాడు. వాడి ముచ్చట కోసం ఆర్డరు చీటీ చేత్తో, పాత మాటల్లోనే రాసిచ్చేవాడు. అలాంటివాడు రెండు నెలలుగా పత్తా లేడు. ఏ ఊళ్లోనో ఉద్యోగం వచ్చుంటుంది. పోతూ పోతూ ఒక్క మాటైనా చెప్పలేదే అని డిక్షనరీ మనసు చివుక్కుమంది.

అలాంటప్పుడు దొరికాడు ఈ పెద్దాయన. రోజుకో మాటకి అర్థం అడిగి వెళ్లిపోతాడు.

మొదటి రోజు పెగ్గు. వెనకటికి నలుగురికీ కలిపి ఒకటే ముంత ఉండేదట, లోపల వరసగా మేకులు కొట్టి ఉండేవట, ఎవరి వంతు ఒక మేకు దాకానేనట. ఆ మేకే పెగ్గు అని చెప్పాడు. రెండో రోజు నీట్. నీరు లేనిదే నీట్ అని తన జోకుకి తనే నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. మర్నాడు రాక్స్, అంటే ఐసు ముక్కల మీద పోసింది; ఆ మర్నాడు ఛేజరు, అంటే ఘాటు మందు వెనకాలే తాగే తేలికపాటిది.

“ఇదే ఆఖరుది బాబూ. దారి గ్లాసంటే ఏంటి?”

అది డిక్షనరీకి అన్నిటికన్నా ఇష్టమైన మాట. ఎక్కడ విన్నారని అడగాలని కూడా తోచలేదు, అంత సంబరం.

“పాతకాలంలో చుట్టం గుర్రమెక్కి బయల్దేరుతుంటే ఇంటాయన వాకిట్లోకొచ్చి చివరి గ్లాసు చేతికిచ్చేవాడండి, క్షేమంగా వెళ్లమని. నేనూ అంతే, మనసుకి నచ్చినవాళ్లకి బయటిదాకా వెళ్లి ఇస్తా.”

“అంత తాగినవాడు ఇల్లు చేరేవాడా?”

“ఎందుకు చేరడండీ? తాగింది మనిషేగా. గుర్రానికి దారి తెలుసు.”

పెద్దాయన సోడా గ్లాసు పక్కకి జరిపాడు. తర్వాత కాగితం పూర్తిగా విప్పి కౌంటరు మీద పరిచాడు. అది ఆర్డరు చీటీ. పెగ్గు, నీట్, రాక్స్, ఛేజరు. అన్నిటికన్నా కింద, ‘దారి గ్లాసు, నా తరఫున’ అని ఉంది. రాత డిక్షనరీదే.

“మా అబ్బాయి శవంతోపాటు ఆసుపత్రివాళ్లు ఇది కూడా ఇచ్చారు బాబూ, ఆ రోజు వాడెక్కింది గుర్రం కాదు” అన్నాడు పెద్దాయన.