పక్క మంచం

"నొప్పి కుడి భుజంలో ఉంటే సూది ఎడమ కాలికెందుకండీ?" అంటూ కుట్టుపని ఆవిడ గబుక్కున కాలు ముడుచుకుంది.

సూదుల డాక్టరు నవ్వలేదు, కోప్పడలేదు. "బిగుసుకుపోయిన తలుపుని బాదితే ఏం లాభం? బాగున్న వైపు నుంచే మొదలుపెట్టాలి. మా పద్ధతి అంతేనమ్మా. ఇష్టం లేకపోతే లేచి వెళ్ళొచ్చు."

లేచి ఎక్కడికని వెళుతుంది? చెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. కత్తెర పడితే గుడ్డ ఎలుక కొరికినట్టు తెగుతోంది. జడ కూడా కూతురే వేస్తోంది. ఆ చెయ్యి ఆడితేనే ఇంట్లో ఐదు వేళ్ళూ నోట్లోకి వెళ్ళేది. మాత్రలు, తైలాలు, కాపడాలు అన్నీ అయ్యాకే ఇక్కడికొచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకుని కాలు చాపింది.

తెర అవతలి మంచం మీద నుంచి ఓ పెద్దావిడ కిసుక్కున నవ్వింది. "కుట్టుపని అన్నావుగా! రోజూ గుడ్డల్ని పొడుస్తావు, వాటి ఉసురే తగిలుంటుంది."

మోకాలి కింద సూది దిగింది. చీమ కుట్టినంత నొప్పయినా లేదు. డాక్టరు దాన్ని వేళ్ళ మధ్య మెల్లగా తిప్పుతూ, "ఇప్పుడు చెయ్యి ఎత్తండి. కాలు మాత్రం కదపకండి" అన్నాడు.

చెయ్యి జానెడు లేచింది.

"అమ్మా!" అని తెర అవతల మూలుగు.

భయపడి చెయ్యి దించింది. మూలుగు ఆగింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ మూలుగు.

"ఏమైందక్కా?"

"ఏం లేదులే. కుడి భుజాన్ని ఎవరో మెలిపెట్టినట్టుంది."

"మీదీ భుజం నొప్పేనా?"

"కాదమ్మా. మోకాళ్ళ నొప్పులకి వచ్చాను. అవి పోయాయి."

 కుట్టుపని ఆవిడ డాక్టరు వైపు చూసింది.

"నొప్పి పోవడమంటూ ఉండదమ్మా, చోటు మారుతుందంతే" అన్నాడాయన, సూది మీద నుంచి చూపు తిప్పకుండా. "ఆపమంటారా?"

ఆపమనే అనబోయింది. కత్తెర పడక బల్ల మీద గుట్టగా పేరుకున్న బట్టలు కళ్ళ ముందు మెదిలాయి. తల అవతలికి తిప్పుకుంది.

"కానివ్వండి."

చెయ్యి తేలిగ్గా, చిన్నప్పుడు లేచినట్టు లేచి తల వెనక గోడని తాకింది. తెర అవతల ఓ కేక పుట్టి, వెక్కిళ్ళుగా అణిగింది.

కాసేపటికి పెద్దావిడ తెర తొలగించుకుని వచ్చింది. కుడి చెయ్యి చచ్చుగా వేలాడుతోంది. కుట్టుపని ఆవిడ బెదురుతూ ఆమె కళ్ళలోకి చూసింది. అక్కడ కోపం లేదు, జాలి ఉంది.

"నాకు భుజంతో పోయిందమ్మా. అదృష్టవంతురాలిని" అంటూ పెద్దావిడ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

"నా పనీ అయిపోయిందిగా, సూది తీసేయండి" అని కుట్టుపని ఆవిడ లేవబోయింది. కాలు కదలలేదు. నడుము కదలలేదు.

"సగమే అయింది" అంటూ డాక్టరు ఆమె మంచాన్ని తెర అవతలికి నెట్టి, ఖాళీ మంచాన్ని ఇవతలికి లాక్కున్నాడు. "నయమైనవాళ్ళు తరవాత వచ్చినవాళ్ళది తీసుకోవాలి. ఆవిడ మీది తీసుకోలేదూ?"

ఎవరో మగమనిషిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పడుకోబెడుతున్న నీడ తెర మీద కదిలింది. కుట్టుపని ఆవిడ పళ్ళు బిగించింది. మోకాలైతే ఫరవాలేదు, నడుమైనా ఓర్చుకోవచ్చు. చేతులు బాగుంటే చాలు, కుట్టుకుని బతకొచ్చు.

"డాక్టరుగారూ, ఆయనకి నొప్పి ఎక్కడండీ?"

"నొప్పా? ఆయనకి నొప్పేం లేదమ్మా. పుట్టినప్పటి నుంచీ చూపు లేదు."