జాలీ జరిపి చూడండి

"బొడ్డేపల్లి పట్టిక తప్పు సార్," అంది కనకం.

కాలేజీ కంప్యూటర్ గదిలో అందరూ తలలెత్తారు. గణితశాఖ హెడ్ రామమోహన్‌కి కోపమొస్తే హిందీ వదిలేసి తెలుగులోకి దిగుతాడు.

"పదేళ్లుగా దేశమంతా వాడుతున్న పట్టికమ్మా అది! బొడ్డేపల్లి అంటే మహానుభావుడు. రైల్వే గార్డుగారి భార్యవి, చదువుకున్నావు కదా అని నీకు టెంపరరీ పోస్టిచ్చాం. ఆయన వ్యాసం చదివావా అసలు?"

"అక్షరం అక్షరం తెలుసండి."

గని ఇంజనీరు రవిచంద్ర ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. బిలాస్‌పూర్‌కి అవతల ఉన్న అతని బొగ్గు గని పైకప్పు కూలుతుందా లేదా అన్నది ముప్పై విషయాల మీద ఆధారపడింది. రాతి బలం, నీటి ఊట, బొగ్గు స్తంభాల మందం, ఇలా. అన్ని కలయికలూ లెక్కకట్టి సగటు తీయడం ఎవరి తరమూ కాదు. అందుకే జాలీ కన్నాల్లా వరసగా పరచిన కొన్ని బిందువుల దగ్గరే లెక్కకడతారు. ఆ బిందువులే బొడ్డేపల్లి పట్టిక. దాని ప్రకారం భయం లేదు. రామమోహన్ సంతకం పెడితే సోమవారం కార్మికులు గనిలోకి దిగుతారు.

"జాలీని కదపకపోతే ఒక్క జవాబే వస్తుంది సార్. అది ఎంత తప్పో తెలీదు. జాలీ మొత్తాన్ని ఎటో ఒకవైపు జరిపి మళ్లీ కట్టాలి. జవాబు నిలబడితే నమ్మొచ్చు."

"అచ్ఛా! నీకు కావలసిన వైపు జరుపుతావన్నమాట!"

"మీరే నోటికొచ్చిన అంకె చెప్పండి. దాన్నిబట్టి కంప్యూటరే జరుపుతుంది."

రామమోహన్ విసురుగా ఒక అంకె చెప్పాడు. ప్రింటర్ కిర్రుమంది. ప్రమాదం రెట్టింపు. ఇంకో అంకె చెప్పాడు. నాలుగు రెట్లు. రవిచంద్ర తనూ ఒకటి చెప్పి, వచ్చిన జవాబు చూసి, సంతకానికి తెచ్చిన కాగితాలు మడిచేశాడు.

"నేను మనుషుల్ని దించను," అన్నాడు.

రామమోహన్ మాత్రం తగ్గలేదు. "ఇది బయటికెళ్తే బొడ్డేపల్లి పేరు మట్టిలో కలుస్తుంది. నీ ఉద్యోగమూ ఉండదు. తెలుస్తోందా?"

కనకం తల దించలేదు.

"పోతే పోనీండి. పేరేటి సార్, మళ్లీ తెచ్చుకోవచ్చు. మనుషుల్ని ఎక్కణ్ణించి తెస్తాం?"

పదేళ్ల కిందట తను ఆ పట్టికను అచ్చుకు పంపినప్పుడు కనకానికి ఇంకా పెళ్లి కాలేదు. అప్పట్లో ఆమె ఇంటిపేరు బొడ్డేపల్లి.