రాయి మీద నాలుగో వరుస

"మూడు వరుసలు చెక్కుతానమ్మా. నాలుగోది మాత్రం నావల్ల కాదు," అన్నాడు సమాధి రాళ్ళు చెక్కే ఆయన, కాగితాన్ని బల్లమీద ఆమెవైపు జరుపుతూ.

ఆమె కాగితం తీసుకోలేదు. ఏమైనా తప్పు రాశానా అన్నట్టు దానివంక చూసింది. మొదటి వరుసలో కొడుకు పేరు. రెండో వరుసలో పుట్టిన ఏడు, పోయిన ఏడు. మూడో వరుసలో 'లెక్కల మాస్టారు'. నాలుగో వరుసలో ఇంకో మగవాడి పేరు రాసి, 'అతనికి భర్త' అని ఉంది.

"మా మతం ఒప్పుకోదమ్మా. చెక్కే ముందు ప్రతి మాటా మూడుసార్లు పైకి చదివి ప్రార్థన చేసుకుంటాను. మా నాన్న నాటినుంచీ ఇదే పద్ధతి. నోటితో అనలేని మాట చేత్తో ఎలా చెక్కను?"

"చదవకుండా చెక్కండి."

"అంటే దేవుడికి తెలియకుండానా?"

మూలన తడిగుడ్డతో పలక తుడుస్తున్న అతని భార్యకు మనసు ఆగలేదు.

"పోనీ, భర్త బదులు స్నేహితుడు అని పెట్టించుకోండమ్మా. చూసేవాళ్ళకి బాగుంటుంది, ఈయనకీ ఇబ్బంది ఉండదు."

"స్నేహితులు వాడికి చాలామంది ఉన్నారమ్మా. అందరి పేర్లూ పట్టాలంటే ఈ రాయి చాలదు."

భార్య మళ్ళీ తుడవడంలో పడింది. రాతిపొడి తెల్లగా అన్నింటి మీదా పేరుకుని ఉంది, కుర్చీ మీద కూడా. అతను తన తువ్వాలుతో దులిపి ఆమెను కూర్చోబెట్టాడు, మంచినీళ్ళిచ్చాడు. చెడ్డవాడేం కాదు. జాలికి జాలే, నమ్మకానికి నమ్మకమే అనే రకం. అలాంటివాళ్ళతో దెబ్బలాడటానికి కూడా ఏమీ దొరకదు.

"ఆ నాలుగో వరుసలో ఉన్న అబ్బాయి నన్నడిగింది ఇదొక్కటేనండీ," అందామె. "రాయి ఎంత చిన్నదైనా ఫర్వాలేదు, ఆ వరుస ఉంటే చాలన్నాడు. ఇద్దరూ పదకొండేళ్ళు కలిసి బతికారు. చివరి ఆరునెలలూ మావాణ్ణి ఎత్తి కూర్చోబెట్టిందీ, పడుకోబెట్టిందీ అతనే. నేను కాదు."

ఎవరో పక్కింటివాళ్ళ సంగతి చెబుతున్నట్టు చెప్పింది. ఏడుపు రావడం లేదు. కొడుకు పోయిన రోజునుంచీ ఆమెకు లోపలంతా తిమ్మిరెక్కినట్టుగా ఉంది. గ్లాసు చేతిలో ఉందని కూడా తెలియడం లేదు. ఎక్కడైనా గిచ్చితే నొప్పి తెలుస్తుందేమోనని ఒకటి రెండుసార్లు అనుకుంది గానీ, గిచ్చుకునే ఓపిక కూడా లేకపోయింది.

"మనిషి ఎలాంటివాడో చూసి పని చెయ్యననకూడదని చట్టం ఉంది కదండీ," అంది. అడగాలి కాబట్టి అడిగినట్టుంది.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు అతను సొరుగు లాగాడు. ప్లాస్టిక్ తొడుగులో భద్రంగా దాచుకున్న కాగితం ఒకటి తీశాడు.

"ఉందమ్మా. దానిమీద పైకోర్టు తీర్పు కూడా ఉంది. ఎక్కడో పెళ్ళిబట్టల మీద ఇద్దరు మగవాళ్ళ పేర్లు కుట్టనన్న ఆవిడ కేసు. మా సంఘంవాళ్ళు అచ్చేయించి అందరికీ పంచారు. ఊరికే మొండితనం చేస్తున్నాననుకుంటారు, వినండి." కళ్ళజోడు సవరించుకుని చదివాడు. "'వచ్చినవారికి సరుకు అమ్మననడం నేరం. అయితే, తన విశ్వాసం ఒప్పుకోని మాటను తన చేత్తోనే రాయమని ఎవరినీ బలవంతపెట్టరాదు. ఆ పని చేసేవారు ఇంకొకరు దొరుకుతారు కనుక, వచ్చినవారికి కలిగే నష్టం స్వల్పం.'"

"ఆఖరి వాక్యం ఇంకోసారి చదవండి."

అతను చదివాడు.

"స్వల్పం," అందామె.

"మిమ్మల్నని కాదమ్మా, అందరికీ కలిపి అన్నమాట," అంది భార్య గాభరాగా.

"ఇంకొకరు దొరకలేదండీ. ఈ ఊళ్ళో మీరు మూడోవారు. మార్కెట్ వెనకాయన చేతులు వణుకుతున్నాయని పని మానేశాడు. వంతెన దగ్గరాయన కూడా ఈ కాగితమే చూపించాడు. ఆయనది ఇంకా మడత నలగలేదు."

అతని మొహం చిన్నబోయింది. కాగితాన్ని తిరిగి తొడుగులో పెట్టాడు గానీ సొరుగులో పెట్టలేదు. వచ్చినావిడ మనసు కష్టపెట్టి పంపడం అతనికీ కష్టంగానే ఉంది. ఏదో ఒకటి చెప్పి తన మనసు తెలియజెయ్యాలనిపించింది.

"నన్ను రాతిగుండెవాణ్ణి అనుకోకండమ్మా. ఈ తీర్పు వచ్చేదాకా నేను బిక్కుబిక్కుమంటూ బతికాను. ఎవడు కేసు పెడతాడో, ఎప్పుడు కొట్టు మూయిస్తారో అని. ఇది వచ్చాకే ప్రాణం కుదుటపడింది."

"అవును. పొద్దస్తమానం అదే దిగులుండేది," అంది భార్య.

"ఇది రాసిన జడ్జిగారెవరో నాకు తెలీదమ్మా, కానీ చల్లని మనసు," అన్నాడతను, చెయ్యి గుండెమీద పెట్టుకుని. "రోజూ ప్రార్థనలో తలుచుకుంటాను. ఆ పుణ్యానికి వాళ్ళ పిల్లలు నూరేళ్ళు సుఖంగా బతకాలని."

ఆమె లేచింది. గ్లాసు బల్లమీద పెట్టి, నాలుగు వరుసల కాగితం తీసుకుని మడతపెట్టి సంచిలో వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"రేపటినుంచి ఆ ప్రార్థన మానెయ్యండి," అంది. "ఆ తీర్పు రాసింది నేనే. నాకున్న ఒక్క పిల్లాడూ వీడే."