నలభై ఏడో నంబరు

హలో... వినపడుతోందాండీ? అందరూ బావున్నారా? మామిడి కోతల రోజుల్లో మా నూజివీడు వైపు జరిగిన సంగతొకటి చెబుతా, ఫోను పెట్టేయకండి.

సాయిరాఘవ కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. కంప్యూటర్లో నలభై ఏడో నంబరు పక్కన వరసగా పదకొండు సున్నాలు!

అతనిది లెక్కలు చూసే ఉద్యోగం. ఎండన పడి మామిడి తోటల్లో తిరిగేవాళ్ళకి బీపీ ఎలా మారుతోందని ఓ కాలేజీవాళ్ళు పరిశోధన పెట్టుకున్నారు. అరవైమంది, పన్నెండు వారాలు. ఆరోగ్య కార్యకర్త సుజాత తోట తోటకీ తిరిగి, బీపీ చూసినప్పుడల్లా ఫోనులో ఒక వరస ఎక్కిస్తుంది. తేదీ, మనిషి నంబరు, బీపీ, అంతే. పేర్లు బయటికి రాకూడదని నంబర్లే పెట్టారు. చూస్తే వరస ఉంటుంది, చూడకపోతే ఏమీ ఉండదు. ఆ చిట్టాని రాఘవ ‘ఆర్’ అనే ప్రోగ్రాంతో హాజరుపట్టీలాగా తిప్పాడు. ఇప్పుడు ప్రతి మనిషికీ, ప్రతి వారానికీ ఒక గడి. వరస లేనిచోట సున్నా పెట్టమని ప్రోగ్రాంకి చెప్పిందీ అతనే.

నలభై ఏడో నంబరు ఆడమనిషి. నలభై నాలుగేళ్ళు. మొదటి వారం నూట తొంభై బై నూట ఇరవై. తర్వాతన్నీ సున్నాలే. మిగతా యాభై తొమ్మిదిమందికీ గడులన్నీ నిండి ఉన్నాయి.

అంత బీపీతోనే రాఘవ వాళ్ళ పెదనాన్న హారతి పళ్ళెం చేతిలో ఉండగా కూలబడిపోయాడు. మళ్ళీ లేవలేదు.

వెంటనే సుజాతకి ఫోన్ కొట్టాడు.

“అక్కా, నలభై ఏడు... ఆవిడ బతికే ఉందా?”

“పొద్దున్నే ఏంటి బాబూ ఆ మాట!”

“పదకొండు వారాలు సున్నా చూపిస్తోందక్కా.”

“సున్నా నేనెక్కించానా, నీ మిషను ఎక్కించిందా? సున్నా బీపీ ఉన్న మనిషిని నా సర్వీసులో చూళ్ళేదు. ఇక్కడ కాయ దింపుతున్నారు, తర్వాత మాట్లాడదాం.”

ఠక్కున పెట్టేసింది.

రాఘవ సున్నాలు తీయించి ఖాళీలు పెట్టించాడు. భయం ఇంకా పెరిగింది. సున్నా అయితే మిషను తప్పనుకోవచ్చు. ఖాళీ అంటే ఎవరూ చూడలేదని. సుజాత ఏం దాస్తోంది? మనిషి పోయిన సంగతి తెలిస్తే ఉద్యోగం పోతుందనా?

బండి తీసి, సుజాత ఆ రోజు తిరిగే ముసునూరు తోటకి పరిగెత్తించాడు. చెట్టు కింద సుజాత, కాయలు కోసే కమలకి బీపీ చూస్తోంది.

“ఇదిగోనే, సున్నాల సారొచ్చాడు. నీకెంతుందో అడుగు, సున్నా అంటాడు.”

కమల పకపకా నవ్వింది. రాఘవ నవ్వలేదు.

“ఆ నలభై ఏడు ఎక్కడుందక్కా?”

“ఉంది. రోజూ చూస్తూనే ఉన్నాగా.”

“చూస్తే ఎందుకెక్కించలేదు?”

“దానికి తీరుబడేదీ? లేస్తే ఇంటి చాకిరీ, ఆనక తోటలు. రెండు నిమిషాలు కూర్చోమంటే కూర్చోదు.”

“మందులు?”

“మొదట్లో నాలుగు రోజులు మింగింది. అయిపోయాక మళ్ళీ తెచ్చుకోలా.”

“మీరు చెప్పలేదా?”

“ఊరందరికీ చెప్తాను బాబూ. అది మాత్రం వినదు.” సుజాత గొంతు తగ్గింది. “మెడ పట్టేస్తోందంట. నిన్న బస్సు దిగుతుంటే కళ్ళు బైర్లు కమ్మాయంట.”

రాఘవ చేతులు జోడించాడు.

“అక్కా, మీ ఉద్యోగానికి ఏం కాకుండా నేను చూసుకుంటాను. దణ్ణం పెడతాను, ఆవిణ్ణి నాకు చూపించండి. ఇప్పుడే! వచ్చేవారం గడి నింపడానికి ఆవిడ ఉండకపోవచ్చు.”

కమల నవ్వు ఆగిపోయింది. సుజాత కమల చేతికున్న పట్టీ విప్పి, మిషనుతో సహా రాఘవ చేతిలో పెట్టింది. కాయల ట్రే ఒకటి బోర్లించి, దానిమీద కూర్చుంది.

తన ఎడమ చెయ్యే చాపింది.

మీ ఎరికలో అలాంటి ఆవిడ ఉంటే, ఈ కథ ముందు ఆవిడకే పంపండి.