కుడి మోచెయ్యి

నా దగ్గర పరుగు నేర్చుకునే అమ్మాయి మారెన్. పరుగెత్తేటప్పుడు ఆమె కుడి మోచెయ్యి పక్కకి ఎగిరేది. దాంతో నడుము మెలితిరిగి అడుగులోని బలం వృథా అయ్యేది. "ఆ బాతు రెక్కేంటమ్మా, ఎగిరిపోతావా?" అంటూ వెంటపడి, బరువులెత్తించి, భుజం వెనక కండలకి బలం పట్టించి, నాలుగు నెలల్లో మాన్పించాను.

రోజూ మైదానం మెట్ల మీద కూర్చుని చూసే వాళ్ల నాన్న రస్ ఎందుకో రావడం తగ్గించాడు.

మిన్నెసోటా రాష్ట్ర స్థాయి పరుగు పోటీలో మారెన్ గెలిచింది. ఆ పరుగు రస్‌కి నా ఫోన్లో చూపించాను.

"చూడండి, చెయ్యి ఎంత తిన్నగా ఆడుతోందో."

"బాగుంది కోచ్. పాత వీడియోలున్నాయా?"

"ఆ తప్పులెందుకండీ? ఎప్పుడో డిలీట్ చేసేశాను."

ఆయన ఫోను తిరిగిచ్చేశాడు.

"వాళ్లమ్మ అచ్చం అలాగే, మోచెయ్యి ఎగరేస్తూ పరుగెత్తేది. పోయి ఆరేళ్లయింది. నేను రోజూ వచ్చింది ఆ చెయ్యి చూడ్డానికే."