చెట్టులో చప్పుడు

బుచ్చన్న ఖర్జూరం చెట్టుకు చెవి ఆనించి ఊపిరి బిగబట్టాడు. లోపల పరపరమని నమిలే చప్పుడు.

"ఉన్నయ్ చెల్లె. మస్తుగున్నయ్," అన్నాడు.

చెంచులక్ష్మి రెండడుగులు వెనక్కి వేసింది. సౌదీలోని అల్ ఖోబర్‌లో ఆ ఇంటికి ఆమె పనిమనిషి, అతను తోటమాలి; ఇద్దరినీ పనికి తెచ్చుకున్న యజమానిని అక్కడ కఫీల్ అంటారు. ఆమె పడుకునే రేకుల గది సరిగ్గా ఆ చెట్టు కిందే ఉంది.

పాడు ఎర్రముక్కు పురుగు అంతే మరి. పిలక కోసిన గాయంలోంచి దూరి, మానును లోలోపలే తినేస్తుంది. పైన మట్టలు పచ్చగానే ఉంటాయి. ఒకనాడు గాలికి చెట్టు ఫెళ్లున విరిగి పడుతుంది.

"కొట్టేయమని చెప్పన్నా కఫీల్‌కి!"

"వాళ్ల నాయిన పెట్టిన చెట్టట. మందు కొట్టి చూడు, తగ్గకుంటే కొట్టిస్త అన్నడు."

పడుకోవడానికి వేరే చోటు అడిగింది చెంచులక్ష్మి. లేదన్నారు.

బుచ్చన్న చెట్టు గాయాలకు మట్టి మెత్తాడు. మానుకు రంధ్రాలు చేసి మందు పోశాడు. మోటారు వీపున కట్టుకుని, అది చెవి పక్కనే హోరెత్తుతుంటే, మొదలు నుంచి మట్టల దాకా రోజూ మందు కొట్టాడు. ఆ హోరుకు వీధిలో పిల్లులు కూడా పారిపోయేవి. మోటారు దించగానే మళ్లీ చెవి పెట్టేవాడు.

"తగ్గిందా అన్నా?"

"జర తగ్గింది. నువ్వు గూడ ఇనరాదు?"

"అమ్మో! పురుగంటేనే నాకు ఒళ్లు జలదరిస్తాది. నువ్వే ఇను."

కాస్త గాలి లేస్తే చాలు, చేతిలో పని అక్కడే వదిలేసి ఆమె గదిలోంచి బయటికి పరుగెత్తేది.

వారాలు గడిచాయి. చప్పుడు సన్నగిల్లింది. అయినా బుచ్చన్నకు దిగులు తీరలేదు. చెట్టు దగ్గరున్నాడంటే లోకమే పట్టదు. టీ తెచ్చి వెనక నుంచి ఎంత పిలిచినా పలికేవాడు కాదు.

"నీతో కంటే ఈ చెట్టుతో మాట్లాడేది మేలు, పో!" అని చెంచులక్ష్మి భుజం తట్టి గ్లాసు చేతిలో పెట్టేది.

ఒక పొద్దున బుచ్చన్న చెట్టు చుట్టూ తిరిగి చెవి పెట్టాడు. నిచ్చెనెక్కి పైనా పెట్టాడు. ఎక్కడా చప్పుడు లేదు. కళ్లు తుడుచుకున్నాడు.

కఫీల్ వచ్చి, చెయ్యి తిప్పి ఏమైందన్నట్టు చూశాడు.

"ఖలాస్ బాబా! పురుగు ఖలాస్!"

ఎందుకైనా మంచిదని చెట్టు కొట్టేవాళ్లకు కబురు పెట్టి ఉంచిన కఫీల్, ఇక రావద్దని ఫోన్ చేసేశాడు.

"సల్లగ పండుకో చెల్లె. ఇగ భయం లేదు," అన్నాడు బుచ్చన్న.

అప్పుడే గాలి మొదలైంది. ఇసుక లేచింది. మట్టలు ఊగాయి. ఈసారి చెంచులక్ష్మి పరుగెత్తలేదు. ఎన్నాళ్లకో ధైర్యం తెచ్చుకుని, మొదటిసారి ఆ మానును వాటేసుకుని చెవి ఆనించింది.

లోపల పురుగు పరపరా నములుతోంది, బుచ్చన్నకు తప్ప ఎవరికైనా వినపడేంత గట్టిగా.